రెండు శాతం ఎవరికి చేరుతోంది? మ్యూచువల్ ఫండ్ రుసుముల లెక్క

చీటీ అంటే తెలియని ఇల్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దొరకడం కష్టం. ఇరవై మంది కలిసి నెలకు 5,000 చొప్పున కట్టే లక్ష రూపాయల చీటీలో, పాట ముగిసిన వెంటనే నిర్వాహకుడి కమీషన్ ఎంతో అందరికీ తెలిసిపోతుంది. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం ఆ కమీషన్‌ను 5 శాతానికి పరిమితం చేస్తే, 2019లో వచ్చిన సవరణ దాన్ని 7 శాతానికి పెంచింది. అంటే లక్షకు 7,000 రూపాయల దాకా, సభ్యులందరి కళ్లెదుటే. అది ఎక్కువని గొణిగేవాళ్లు ఉంటారు, వేరే చీటీకి మారిపోయేవాళ్లూ ఉంటారు. అదే సభ్యుడు మ్యూచువల్ ఫండ్‌లో 5 లక్షలు దాచుకుని, అందులోంచి ఏటా 9,000 రూపాయలు రుసుము కింద పోతున్నా ఆ మాట ఎత్తడు. డబ్బు మీద పట్టింపు లేక కాదు, ఆ కోత అతనికి ఎక్కడా కనిపించదు గనుక.

కోత జరిగే తీరు ఇది. ఫండ్ తన దగ్గరున్న షేర్ల మార్కెట్ విలువను రోజూ లెక్కగట్టి, ఏడాది ఖర్చులో ఆ రోజు వాటాను మినహాయించి, మిగిలినదాన్ని యూనిట్ల (మదుపరుల వాటాల) సంఖ్యతో భాగించి ఒక్కో యూనిట్ విలువను, అంటే ఎన్‌ఏవీని, ప్రకటిస్తుంది. ఏడాదికి 1.8 శాతం రుసుము ఉన్న ఫండ్‌లో యూనిట్ విలువ 100 రూపాయలైతే రోజుకు పోయేది అర పైసా. 5 లక్షల మీద అది రోజుకు దాదాపు 25 రూపాయలు. లాభం వచ్చిన ఏడాదీ, నష్టం వచ్చిన ఏడాదీ ఈ కోత ఒకే తీరుగా సాగుతుంది, ఎందుకంటే రుసుము లాభం మీద కాక మొత్తం సొమ్ము మీద పడుతుంది. 2009 ఆగస్టుకు ముందు ఎంట్రీ లోడ్ పేరుతో యూనిట్లు కొనేటప్పుడే 2.25 శాతం వరకు పట్టుకునేవారు. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ దాన్ని రద్దు చేసింది. మంచిదే జరిగింది, కానీ దానితోపాటు మదుపరి కంటికి తగిలే కోత కూడా పోయింది.

చిన్నదిగా కనిపించే ఈ శాతం కాలం గడిచేకొద్దీ ఎంతవుతుందో చూడాలి. ఖర్చులకు ముందు ఏటా 12 శాతం పెరుగుదల ఉందనుకుంటే, ఒకేసారి పెట్టిన లక్ష రూపాయలు 25 ఏళ్లలో 17 లక్షలవుతాయి. అందులోంచి ఏటా 1.8 శాతం పోతే చేతికి వచ్చేది 11.34 లక్షలు. అంటే మొత్తంలో మూడో వంతు, 5.66 లక్షలు, దారిలోనే ఖర్చయింది. నిఫ్టీ వంటి మార్కెట్ సూచీని (పెద్ద కంపెనీల షేర్ల కదలికను కొలిచే అంకెను) అనుసరిస్తూ 0.2 శాతం రుసుముతో నడిచే ఇండెక్స్ ఫండ్‌లో అదే సొమ్ము 16.26 లక్షలు అవుతుంది. 12 శాతం అన్నది లెక్క కోసం తీసుకున్న అంకె మాత్రమే, అంతే వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. అయితే రాబడి ఎంత వస్తుందో ముందుగా తెలియదు గానీ, రుసుము ఎంత పోతుందో ముందే తెలుసు.

ఎక్కువ రుసుము దానంతటదే తప్పు కాదు. షేర్లను ఎంచి కొనే యాక్టివ్ ఫండ్, సూచీలో ఉన్నవాటిని ఉన్నట్టుగా కొనే ఇండెక్స్ ఫండ్ కంటే రుసుము తేడాను మించి సంపాదించిపెడితే ఆ ఖర్చు సార్థకమే. అది సాధ్యమా అన్న ప్రశ్నకు ఆర్థికవేత్త విలియం షార్ప్ 1991లో చెప్పిన జవాబు ఒక కూడిక లెక్క. మార్కెట్‌లోని షేర్లన్నీ ఎవరో ఒకరి దగ్గరే ఉండాలి. సూచీని అనుసరించేవారికి మార్కెట్ రాబడి వస్తే, మిగిలినవారందరికీ కలిపి సగటున వచ్చేది కూడా మార్కెట్ రాబడే అవుతుంది. ఒకరు సగటును మించితే మరొకరు ఆ మేరకు తగ్గక తప్పదు. ఖర్చులు తీసేశాక, ఎంపిక చేసి కొనేవారి సగటు మార్కెట్ కంటే తక్కువలో ఉంటుంది.

ఈ లెక్కను మన దేశానికి అన్వయించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఎంపిక చేసి కొనేవారంటే మ్యూచువల్ ఫండ్లు ఒక్కటే కాదు. లిస్టయిన షేర్ల విలువలో ఫండ్ల వాటా సుమారు పదో వంతు; మిగిలినవి ప్రమోటర్లు (కంపెనీల అసలు యజమానులు), విదేశీ సంస్థలు, బీమా కంపెనీలు, ప్రభుత్వం, సామాన్య మదుపరుల చేతుల్లో ఉన్నాయి. ఎవరో చెప్పిన మాట విని కొని, భయపడి అమ్మేవారు మార్కెట్‌లో ఎక్కువగా ఉన్న కాలంలో, వారి పొరపాట్ల నుంచి ఫండ్ మేనేజర్లు మొత్తంగానే లాభపడే వీలుంది. కాబట్టి యాక్టివ్ ఫండ్లన్నీ ఓడిపోక తప్పదని లెక్కతోనే తేల్చెయ్యడం సరికాదు. కానీ ఫండ్లలోకి సామాన్యుల డబ్బు పెరిగేకొద్దీ ఒక మేనేజర్‌కు ఎదురయ్యేది అమాయకుడు కాదు, అంతే చదువు, అంతే సమాచారం ఉన్న మరో మేనేజర్.

ఈ తేడా పలాస వారికి వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది. పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో పిక్కలను ఉడకబెట్టి, పగలగొట్టి, పొట్టు తీశాక పప్పును బల్లల మీద పరిచి గ్రేడ్లుగా ఏరుతారు. గుండ్లు ఒకవైపు, బద్దలు ఒకవైపు, ముక్కలు మరోవైపు. గుండ్లలోనూ పౌనుకు దాదాపు 180 తూగే పెద్ద రకం, 240 తూగే రకం, 320 తూగే రకం వేర్వేరు డబ్బాల్లోకి వెళ్తాయి. ఏరే మనిషికి ఇచ్చే కూలి దండగ కాదు, ఎందుకంటే కలగాపులగంగా ఉన్న రాశికి పలికే ధరకూ, గ్రేడు చేసిన సరుకుకు పలికే ధరకూ మధ్య తేడా ఆ కూలి కంటే చాలా ఎక్కువ. అయితే ఒకసారి ఏరి, డబ్బాలో పోసి, గ్రేడు ముద్ర వేసి, ఆ గ్రేడు ధర పెట్టి కొన్న సరుకును మళ్లీ బల్ల మీద పోసి ఏరిస్తే కూలి ఖర్చు తప్ప మిగిలేది ఉండదు.

పెద్ద కంపెనీల షేర్లు ఇప్పటికే గ్రేడు చేసిన డబ్బాలు. మార్కెట్ విలువలో మొదటి 100 స్థానాల్లో ఉన్న కంపెనీల లెక్కలను దేశ విదేశాల్లోని విశ్లేషకులు ప్రతి మూడు నెలలకూ అంకె అంకె చదువుతారు, వాళ్లు తెలుసుకున్నదంతా గంటల్లో ధరలోకి చేరిపోతుంది. ఇక్కడ మేనేజర్ చేసేది ఏరిన పప్పును మళ్లీ ఏరడమే. లార్జ్‌క్యాప్ (పెద్ద కంపెనీల) యాక్టివ్ ఫండ్లలో సగానికి పైగా, పదేళ్ల వంటి దీర్ఘకాలంలో సూచీ కంటే వెనకబడుతున్నాయని ఏళ్ల తరబడి వస్తున్న పరిశీలనలు చెబుతున్నాయి. ఈ లెక్క వేసేటప్పుడు మధ్యలో మూతపడిన, వేరే పథకంలో విలీనమైన ఫండ్లను కూడా కలుపుకోవాలి. పనితీరు బాగాలేనివే సాధారణంగా అలా మాయమవుతాయి. బతికి ఉన్నవాటి సగటు మాత్రమే చూస్తే చిత్రం నిజం కంటే అందంగా కనిపిస్తుంది.

మరి 2000 తర్వాతి దశాబ్దంలో ఎన్నో ఫండ్లు నిఫ్టీని సులువుగా దాటాయి కదా అన్న ప్రశ్న రావడం సహజం. అది అబద్ధం కాదు, కానీ ఆ విజయంలో కొంత భాగం కొలబద్దదే. అప్పట్లో పోలిక కోసం చూపిన సూచీలో డివిడెండ్లు (కంపెనీలు వాటాదారులకు పంచే లాభాలు) కలిసి ఉండేవి కావు. ఫండ్‌కు మాత్రం తన షేర్ల మీద వచ్చిన డివిడెండ్లన్నీ చేరేవి. ఏటా ఒక శాతానికి పైగా ఉన్న ఆ వెసులుబాటు మేనేజర్ ప్రతిభగా లెక్కకు వచ్చేది. 2018 ఫిబ్రవరి నుంచి డివిడెండ్లు కలిపిన సూచీతోనే పోల్చాలని సెబీ నిర్దేశించింది. అంతకు కొద్ది నెలల ముందు, 2017 అక్టోబర్‌లో, పథకాల వర్గీకరణ కూడా వచ్చింది. లార్జ్‌క్యాప్ అని పేరు పెట్టుకున్న ఫండ్ కనీసం 80 శాతం సొమ్మును మొదటి 100 కంపెనీల్లోనే పెట్టాలి. అంతకు ముందు పెద్ద కంపెనీల ఫండ్ అన్న పేరుతోనే మధ్యతరహా కంపెనీల షేర్లు గణనీయంగా కొని, వాటి పెరుగుదలతో నిఫ్టీని దాటామని చెప్పుకునే వీలుండేది. ఈ రెండు నియమాల తర్వాత మిగిలిన ఆధిక్యం ఎంతో చూసినవారికి పాత కరపత్రాల్లోని అంకెల మీద మునుపటి నమ్మకం ఉండదు.

ఇంకొక లెక్కను చాలామంది వెయ్యరు. ఒక లార్జ్‌క్యాప్ ఫండ్‌లో ఉన్న షేర్లను సూచీతో పక్కపక్కన పెడితే 70 శాతం ఒకేలా ఉన్నాయనుకుందాం. మేనేజర్ సొంత నిర్ణయం కనిపించేది మిగిలిన 30 శాతంలోనే, కానీ రుసుము వసూలయ్యేది నూటికి నూరు శాతం మీద. ఇండెక్స్ ఫండ్ కంటే అదనంగా కడుతున్న 1.6 శాతాన్ని ఆ 30 శాతమే సంపాదించాలి. అంటే సూచీకి భిన్నంగా కొన్న ఆ కొద్ది షేర్లు ప్రతి ఏడాదీ సూచీని 5.3 శాతం మించితే తప్ప మదుపరి ఇండెక్స్ ఫండ్‌తో సమానంగా కూడా నిలబడడు. ఇరవై ఏళ్లు ఎడతెగకుండా అలా సాధించగల మేనేజర్లు ఎక్కడైనా కొద్దిమందే ఉంటారు, వాళ్లెవరో ముందుగా గుర్తుపట్టడం అంతకంటే కష్టం. ఈ ఏడాది మొదటి వరసలో ఉన్న ఫండ్ నాలుగేళ్ల తర్వాత అదే వరసలో ఉండడం అరుదు.

మధ్యతరహా, చిన్న కంపెనీల దగ్గర మాట కొంత మారుతుంది. 251వ స్థానం నుంచి మొదలయ్యే చిన్న కంపెనీలను చదివేవారు తక్కువ. లెక్కల్లో తేడా ఉన్న కంపెనీ, ప్రమోటర్ షేర్లను తాకట్టు పెట్టిన కంపెనీ, నిజంగా ఎదుగుతున్న కంపెనీ ఒకే రాశిలో కలిసి ఉంటాయి. ఇది ఇంకా ఏరని పప్పు. ఇక్కడ ఏరే చేతికి విలువ ఉంది. అయినా ఫలితాలు మిశ్రమంగానే ఉన్నాయి, దానికి ఒక కారణం ఫండ్ పరిమాణం. చిన్న కంపెనీలో రోజూ చేతులు మారే షేర్లు తక్కువ కనుక, వేల కోట్లు పోగైన ఫండ్ కొనబోతే ధర పెరుగుతుంది, అమ్మబోతే పడిపోతుంది. ఇలాంటి ఫండ్లు తమ పెట్టుబడిలో పావు వంతును, సగాన్ని అమ్మడానికి ఎన్ని రోజులు పడుతుందో 2024 నుంచి నెలనెలా ప్రకటిస్తున్నాయి. గతేడాది రాబడి చూసి చిన్న కంపెనీల ఫండ్ ఎంచుకునేవారు ఆ అంకెను కూడా చూడటం మేలు.

ఇంతవరకు రుసుమును ఒకే ముద్దగా చూడటం జరిగింది. నిజానికి అందులో రెండు వేర్వేరు జీతాలు ఉన్నాయి. 2013 జనవరి 1 నుంచి ప్రతి ఫండ్‌కూ రెండు రూపాలు: ఏజెంటు ద్వారా కొనేది రెగ్యులర్, నేరుగా కొనేది డైరెక్ట్. మేనేజర్ ఒక్కరే, షేర్లు అవే, కొన్న రోజూ అదే. తేడా ఏజెంటుకు లేదా బ్యాంకుకు ప్రతి ఏటా వెళ్లే కమీషన్ మాత్రమే. చాలా యాక్టివ్ ఈక్విటీ (షేర్ల) ఫండ్లలో ఈ తేడా అర శాతం నుంచి ఒక శాతం వరకు ఉంటుంది.

రాజాంలో పనిచేసే ఒక ఉపాధ్యాయురాలు నెలకు 5,000 చొప్పున 20 ఏళ్లు సిప్ కడుతున్నారని అనుకుందాం. కట్టేది మొత్తం 12 లక్షలు. ఖర్చులకు ముందు రాబడి అన్నిచోట్లా 12 శాతమే అయితే, 0.2 శాతం రుసుమున్న ఇండెక్స్ ఫండ్‌లో సుమారు 44.5 లక్షలు, 0.9 శాతం రుసుమున్న డైరెక్ట్ యాక్టివ్ ఫండ్‌లో 40.9 లక్షలు, 1.8 శాతం రుసుమున్న రెగ్యులర్ యాక్టివ్ ఫండ్‌లో 36.8 లక్షలు చేతికి వస్తాయి. మొదటి రెండింటి మధ్య ఉన్న 3.6 లక్షలు షేర్లు ఎంచినందుకు, చివరి రెండింటి మధ్య ఉన్న 4.1 లక్షలు అమ్మిపెట్టినందుకు. మేనేజర్ ప్రతిభకు ఇస్తున్నామనుకున్న సొమ్ములో సగానికి పైగా అసలు మేనేజర్‌కు సంబంధించినదే కాదు.

షేర్లు ఎంచే పనికి నిజంగా ఎంత ఖర్చవుతుందో తెలుసుకోవడానికి ఆ ఉపాధ్యాయురాలు దూరం వెళ్లనక్కర లేదు. 2004 సెప్టెంబర్ 1 నుంచి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవారు సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పింఛను పథకం) కింద జీతంలోంచి ప్రతి నెలా చెల్లించే సొమ్మును కూడా మేనేజర్లే పెట్టుబడి పెడతారు. బాండ్లనూ షేర్లనూ వాళ్లే ఎంచుతారు. ఆ సొమ్ము వెళ్లే జాతీయ పింఛను వ్యవస్థలో ఆ పనికి 2021లో నిర్ణయించిన గరిష్ఠ రుసుము ఏటా 0.09 శాతం, నిర్వహించే సొమ్ము పెరిగేకొద్దీ అది 0.03 శాతం వరకు తగ్గేది. ఖాతా నిర్వహణకు ఇతర చార్జీలు ఉన్నా అవి స్వల్పమే. సీపీఎస్ మీద ఉద్యోగులకున్న అభ్యంతరాలు వేరు, అవి న్యాయమైనవి కూడా కావచ్చు. కానీ ఒకే మనిషి జీతంలోంచి వెళ్లిన రెండు మొత్తాలలో ఒకదానికి నూటికి 9 పైసలకు మించకుండా, మరొకదానికి 180 పైసలు ఏటా ఖర్చవుతున్నాయన్నది మరచిపోకూడని వాస్తవం. పైడిభీమవరం ఫ్యాక్టరీల కార్మికుల పీఎఫ్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది: పీఎఫ్‌ను నిర్వహించే ఈపీఎఫ్‌ఓ 2015 ఆగస్టులో షేర్లలోకి అడుగుపెట్టినప్పుడు సూచీలను అనుసరించే ఈటీఎఫ్‌లనే (షేర్లలా మార్కెట్‌లో కొనే ఫండ్లనే) ఎంచుకుంది.

ఫండ్ పెద్దదయ్యేకొద్దీ రుసుము శాతం తగ్గాలన్న నియమం మ్యూచువల్ ఫండ్లకూ ఉంది. 2019 ఏప్రిల్ నుంచి అమలైన సెబీ పట్టిక ప్రకారం ఈక్విటీ ఫండ్‌లో మొదటి 500 కోట్ల మీద గరిష్ఠంగా 2.25 శాతం, ఆ పైన మెట్టు మెట్టుకూ తగ్గుతూ, 50,000 కోట్లు దాటిన సొమ్ము మీద 1.05 శాతం ఉండేది. లెక్కగడితే 500 కోట్ల ఫండ్ ఏటా 11.25 కోట్ల వరకు, 50,000 కోట్ల ఫండ్ సుమారు 670 కోట్ల వరకు ఆ పట్టిక కింద వసూలు చేసుకునే వీలుండేది. సొమ్ము వంద రెట్లయితే రుసుము దాదాపు అరవై రెట్లయింది. చదివే కంపెనీలు మాత్రం అవే, చదివే బృందం అరవై రెట్లు పెరగదు. స్థాయి పెరిగినందువల్ల వచ్చే ఆదాలో మదుపరికి చేరేది కొంతే.

చిన్న పట్టణాలకు సంబంధించిన మరో ఖర్చు కథ కూడా ఉంది. మొదటి 30 నగరాలకు వెలుపలి నుంచి తగినంత కొత్త సొమ్ము తెచ్చిన ఫండ్లు అదనంగా 0.30 శాతం వరకు వసూలు చేసుకోవడానికి అనుమతి ఉండేది. శ్రీకాకుళం, విజయనగరం ఆ వెలుపలి ప్రాంతాలే. ఆ అదనపు భారం పథకంలోని మదుపరులందరి మీదా పడేది, చిన్న పట్టణాల మదుపరితో సహా. తన ఊరికి ఫండ్లు వచ్చినందుకు అతనే రుసుము కట్టినట్టయింది. దుర్వినియోగం జరుగుతోందన్న ఆందోళనతో 2023 మార్చి నుంచి సెబీ దాన్ని నిలిపివేసింది.

అయితే ఏజెంటుకు వెళ్లే కమీషన్ అంతా వృథా అని తీర్మానించడం అన్యాయం. 2020 జనవరిలో 12,362 వద్ద ఉన్న నిఫ్టీ మార్చి 23 నాటికి 7,610కి పడిపోయింది. లాక్‌డౌన్‌లో, జీతం వస్తుందో రాదో తెలియని రోజుల్లో, టెక్కలిలోనో బొబ్బిలిలోనో కూర్చుని ఫోన్‌లో తన పొదుపు మూడో వంతుకు పైగా కరిగిపోవడం చూసిన మనిషికి, ఇప్పుడు అమ్మవద్దని గట్టిగా చెప్పిన ఏజెంటు ఆ ఒక్క మాటతో పదేళ్ల కమీషన్ సంపాదించుకున్నట్టే. ఆ నవంబర్‌లోనే నిఫ్టీ పాత స్థాయిని దాటింది. కేవైసీ కాగితాలు సరిచేయడం, నామినీ పేరు నమోదు చేయించడం, మనిషి పోయాక యూనిట్లను భార్యా పిల్లల పేరుకు మార్పించడం కూడా చిన్న పనులు కావు. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ పనులు చేసిపెట్టే మనిషి అతనేనా, లేక తొలి సంతకం తర్వాత మళ్లీ కనిపించని మనిషా? బ్యాంకు కౌంటరులో సంతకం పెట్టించుకున్న ఉద్యోగి బదిలీ మీద వెళ్లిపోయినా, కమీషన్ బ్యాంకుకు వెళ్తూనే ఉంటుంది.

కమీషన్ లేకుండా, సలహాకు మాత్రమే ఫీజు తీసుకునే సెబీ నమోదిత సలహాదారులు దేశం మొత్తంలోనే వెయ్యికి అటూ ఇటూగా ఉన్నారు. కాబట్టి జిల్లా పట్టణాల్లో ఇద్దరే మిగులుతున్నారు: కమీషన్ మీద బతికే ఏజెంటు, ఎవరి తోడూ లేకుండా ఫోన్‌లో కొనుక్కునే మదుపరి. వ్యవస్థలోని లోపం ఇదే, దీనికి ఏజెంటును తప్పుపట్టలేం.

తన డబ్బు ఏ దారిలో పోతోందో తెలుసుకోవడానికి ఈమెయిల్‌కు వచ్చే, ఫండ్లన్నిటినీ కలిపి చూపే ఖాతా స్టేట్‌మెంట్ చాలు. పథకం పేరు చివర రెగ్యులర్ అని ఉందా, డైరెక్ట్ అని ఉందా చూడాలి. రెగ్యులర్ అయితే దగ్గర్లోనే ఏఆర్‌ఎన్ అన్న అక్షరాలు, వాటి పక్కన ఏజెంటు సంఖ్య ఉంటాయి. ఆరు నెలలకోసారి వచ్చే స్టేట్‌మెంట్‌లో, ఏజెంటుకు చెల్లించిన కమీషన్‌ను శాతంగా కాక రూపాయల్లోనే చూపాలని 2016 అక్టోబర్ నుంచి నియమం ఉంది. చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉండే ఆ అంకెను చదివినవారు అరుదు.

చూశాక మారాలనుకున్నవారు తొందరపడి అన్నీ ఒకేరోజు మార్చకూడదు. రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కు మారడం చట్టం దృష్టిలో అమ్మి మళ్లీ కొనడమే. ఏడాది దాటిన ఈక్విటీ యూనిట్ల లాభంలో ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షలు దాటిన భాగం మీద 2024 జూలై 23 నుంచి 12.5 శాతం పన్ను ఉంది, ఏడాది నిండని యూనిట్లకు చాలా ఫండ్లలో ఒక శాతం ఎగ్జిట్ లోడ్ (అమ్మేటప్పుడు పట్టుకునే కోత) కూడా పడుతుంది. పాత సిప్‌ను ఆపి కొత్తదాన్ని డైరెక్ట్‌లోనో ఇండెక్స్ ఫండ్‌లోనో మొదలుపెట్టడానికి ఈ ఖర్చులేవీ లేవు. పాత యూనిట్లను మాత్రం ప్రతి మార్చిలోపు, ఆ ఏడాది లాభం 1.25 లక్షలు దాటకుండా, విడతలుగా కదిలించుకోవచ్చు. 4 లక్షల విలువలో లాభం 1.1 లక్షలే ఉండి, యూనిట్లన్నీ ఏడాది దాటినవైతే, ఆ సంవత్సరం వేరే ఈక్విటీ లాభాలు లేనివారు పన్ను పడకుండా మొత్తం ఒకే విడతలో మార్చుకోగలరు.